జంతువుల రిజిస్టరులో మా ఆయన

మే 14

శ్రీవారికి,

నీలం సంచి, మీ స్వెట్టరు, మీ రెండో జత కళ్ళద్దాలు, నేను నిన్న మధ్యాహ్నం రెండున్నరకి క్షేమంగా ఇల్లు చేరాం. మీరు చేరలేదు. ఆ కొండ మీద ఫోను పనిచేయదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

గేటు దగ్గర జరిగింది మీకు సరిగ్గా వినపడి ఉండదు. మీరు అడ్డకర్రకు అవతల ఉన్నారు, మేము ఇవతల ఉన్నాం, మధ్యలో బస్సు ఇంజను. అందుకని మొదటి నుంచి వరసగా రాస్తాను.

మనం పార్కులోకి వెళ్ళిన రోజు గేటు గార్డు కళ్ళద్దాలు విరిగి ఉన్నాయి. "ఎవరికైనా మంచి చేతిరాత ఉంటే అందరి పేర్లూ రాసివ్వండమ్మా, నా పేరే నాకు కనపడటం లేదు" అన్నాడు. మన వీధి వాళ్ళంతా ఒక్కసారిగా నావైపు చూశారు. నేను బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా నడుస్తూ రాసి ఇచ్చాను. ఎక్కడా కొట్టివేత లేదు.

మూడు రోజులూ బాగానే గడిచాయి. జలపాతం దగ్గర పక్కింటి టీచరమ్మ చెప్పు కొట్టుకుపోయింది, రెండో చెప్పు ఆవిడ ఇప్పటికీ దాచుకుంది. తాళ్ళ వంతెన మధ్యలో మీరు ఆగిపోయి "ఇది ఊగుతోంది" అని అందరికీ తెలిసిన సంగతే చెప్పారు. సందర్శకుల హాల్లో డప్పుల ప్రదర్శన చూశాం. డప్పు వాయించినాయనే పొద్దున మనకి టీ పోశాడంటే మీరు నమ్మలేదు. నేను ఆయన బొటనవేలు చూసి చెప్పాను. గోరు సగం నల్లగా ఉంది.

ఇక నిన్నటి సంగతి. డ్రైవరు నా జాబితా చదువుతుంటే గార్డు ఒక్కొక్కరినే బయటికి వదిలాడు. ముప్పై ఒక్కమందిమి వచ్చేశాం. మీరొక్కరే లోపల మిగిలారు.

"ఈయన పేరు లేదు" అన్నాడు గార్డు.

"పేరు లేకపోతే ఏం, మనిషి ఉన్నాడు కదా" అన్నాను.

"మనిషి ఉంటే సరిపోదమ్మా. లోపలికి రానివాణ్ణి బయటికి ఎలా పంపను? రేపు పైవాళ్ళు అడిగితే ఎక్కణ్ణించి తెచ్చానని చెప్పను?"

"ఆయన మా ఆయనయ్యా!"

"అయితే మీ జాబితాలోనే ఉండాలి కదమ్మా. ఈ రాత మీదేగా."

రేంజరు వచ్చి రెండు రోజుల్లో తేల్చి పంపిస్తానన్నాడు. డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. హాస్టల్ నుంచి అమ్మాయి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంటుందనీ, ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉందనీ గుర్తొచ్చి బస్సెక్కాను.

నా జాబితాలో తప్పు ఉండదు. మీ పేరు రెండో కాగితంలో ఉండి ఉంటుంది. ఆ కాగితం గాలికి ఎగిరిపోయి ఉంటుంది. వాళ్ళను వెతకమనండి.

చెవులకు చలిగాలి తగలనివ్వకండి.

ఇట్లు,
మీ ఇంటావిడ


మే 19

ఇంటావిడకి,

నీ ఉత్తరం గార్డు తెచ్చి ఇచ్చాడు. ఇచ్చే ముందు తనే చదివి వినిపించాడు. అతని కళ్ళద్దాలు నేనే బాగుచేశాను. విరిగిన కాడకి రాగితీగ చుట్టి, అద్దాన్ని కొంచెం ముందుకు వంచాను. ఇరవై ఆరేళ్ళుగా కళ్ళద్దాల షాపు నడుపుతున్నాను కానీ ఇంత పెద్ద తప్పు ఎప్పుడూ చేయలేదు. ఇదివరకు అతను నిబంధనలు గుర్తున్నంత వరకే పాటించేవాడు. ఇప్పుడు మొత్తం చదువుతున్నాడు.

రేంజరు చెప్పినట్టుగానే రెండు రోజుల్లో నా సంగతి తేల్చేశాడు. నన్ను ఆఫీసుకి పిలిచి, కుర్చీ వేసి, రెండు పెద్ద రిజిస్టర్లు ముందు పెట్టాడు.

"పార్కులో ప్రాణమున్నది ఏదైనా ఈ రెండింట్లో ఒకదాంట్లో ఉండాలి సార్. ఇది గేటు గుండా వచ్చినవాళ్ళది. ఇందులో మీరు లేరు."

"అవును."

"రెండోది ఇక్కడే ఉండేవాటిది" అని చాలా మొహమాటపడుతూ దాన్ని తెరిచాడు. మనిషి మంచివాడు. ముందు క్షమాపణ చెప్పి ఆ తర్వాతే నా పళ్ళు చూశాడు.

నా నంబరు నాలుగు వందల పన్నెండు. గుర్తులు అన్న చోట "నెత్తిన వెంట్రుకలు పలచన, ముక్కు మీద అద్దాలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడును" అని రాశారు. ఆహారం దగ్గర "అన్నీ తినును" అని రాస్తుంటే, నాకు వంకాయ పడదని చెప్పాను. అది కూడా చేర్చారు. ఇంట్లో ఆ సంగతి చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది, గుర్తుందా?

జబ్బు చేసిన జంతువుల గదిలో పడక ఇచ్చారు. ప్రస్తుతం ఏ జంతువుకీ జబ్బు లేదు. గడ్డి మెత్తగా ఉంది, కిటికీలోంచి మంచు కొండ కనిపిస్తుంది. పొద్దున్నే నాలుగు వందల పదకొండు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. వయసు మీద పడింది, నడక నెమ్మది, కళ్ళు మాత్రం చాలా అందంగా ఉంటాయి. నేను టీ తాగుతుంటే చూస్తూ కూర్చుంటుంది. ఏమీ అడగదు. అంత నెమ్మదైన తోడు నాకు ఈ మధ్య దొరకలేదు.

నువ్వు చెప్పిన రెండో కాగితం కోసం వెతికాం. గార్డు చెట్లు కూడా ఎక్కి చూశాడు. ఎక్కడా లేదు. ఆ రోజు బస్సులో నువ్వు రాసుకుంటూ నా సీటు దగ్గరికి వచ్చినప్పుడు... సర్లే, అదిప్పుడెందుకు.

టీ పోసినాయనా డప్పు వాయించినాయనా ఒకరే. నువ్వు చెప్పిందే నిజం.

ఉంటాను. నిజంగానే, ఇక్కడే ఉంటాను.

మీ ఆయన


మే 26

శ్రీవారికి,

నేను పంపిన పార్సిలు తిరిగి వచ్చింది. వేయించిన పల్లీలు ఒక డబ్బా, బిస్కెట్లు రెండు పొట్లాలు, మీ స్వెట్టరు పెట్టి పంపాను. డబ్బా మీద "పార్కు జంతువులకు బయటి తిండి పెట్టరాదు" అని ముద్ర కొట్టారు. స్వెట్టరు మీద "సహజమైన బొచ్చు ఉన్నచో అవసరం లేదు" అని ఒక చీటీ పిన్ను చేశారు. మీకు బొచ్చు ఎక్కడుందో వాళ్ళనే అడగండి.

సోమవారం అటవీ శాఖ ఆఫీసుకి వెళ్ళాను. ఏడో నంబరు కిటికీ. గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం జంతువమ్మా?"

"మా ఆయన."

"పాలిచ్చేదా, గుడ్లు పెట్టేదా? ఫారాలు వేరు వేరు."

"రెండూ కాదండీ. కళ్ళద్దాలు అమ్మేది."

అప్పుడు తల ఎత్తాడు. సంగతంతా విని, చాలా సానుభూతిగా, పార్కు జంతువును బయటికి తీసుకురావడం నేరమనీ, పట్టుబడితే జైలనీ చెప్పాడు. "ఆయన ఒప్పుకుంటే?" అన్నాను. "జంతువు ఒప్పుకోవడమన్నది మా దగ్గర లేదమ్మా" అన్నాడు.

మీ అక్కయ్య పెట్టెతో సహా దిగింది. వస్తూనే సోఫాలో కూలబడి, "నా తమ్ముడు అన్నీ వదిలేసి సన్యాసుల్లో కలిశాడని ఊరంతా అంటున్నారే" అని కళ్ళొత్తుకుంది. "ఎవరన్నారు వదినా?" అంటే, "నేనే అన్నాను. అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలిగా" అంది. ఇప్పుడు వీధిలో వాళ్ళు మన గేటు ముందు చెప్పులు విడిచి లోపలికి వస్తున్నారు.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. ఎవరా నాలుగు వందల పదకొండు? ఆవిడ పేరు కూడా ఏ జాబితాలోంచో జారిపోయిందా? ఎవరి తాలూకు? పొద్దున్నే పరాయి మగాడి గుమ్మంలో కూర్చోవడానికి ఇంట్లో పనేమీ లేదా? కళ్ళు అందంగా ఉన్నాయని రాశారు. ఇరవై ఆరేళ్ళుగా కళ్ళ అద్దాలు అరగదీస్తున్న మనిషి, నా కళ్ళ గురించి చెప్పింది ఒక్కటే మాట. "నీకు దగ్గరి చూపు తగ్గింది."

ఏమీ అడగని తోడు కావాలంటే గోడ పక్కన కూర్చోవచ్చు.

అమ్మాయి మీకు నమస్కారం చెప్పమంది. నేను ఏమీ చెప్పడం లేదు.

మీ ఇంటావిడ


జూన్ 2

ఇంటావిడకి,

నాలుగు వందల పదకొండు కొండగొర్రె. మగది. కొమ్ములున్నాయి. గార్డు నీ ఉత్తరం చదివి దానికి కూడా వినిపించాడు. అది లేచి వెళ్ళిపోయింది, రెండు రోజులు రాలేదు.

నా రోజు ఎలా గడుస్తుందో రాస్తాను, నీకు ఇలాంటివి వివరంగా కావాలి కదా. పొద్దున ఆరింటికి అవతలి కొండ మీద నుంచి దుర్భిణీతో నన్ను లెక్కపెడతారు. ఎండ ఎక్కగానే సందర్శకులు వస్తారు. గైడు వాళ్ళను ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి, "ఇతను పొద్దున పూటే బయటికి వస్తాడు. గట్టిగా మాట్లాడకండి, లోపలికి వెళ్ళిపోతాడు" అని గొంతు తగ్గించి చెప్తాడు. నిన్న ఒకావిడ అడిగింది, "ఒక్కడేనా? జత లేదా?" అని.

"జత బయట ఉందండి. అదే వీడి దిగులు" అన్నాడు గైడు.

నేను దిగులుగా ఉన్నానని నాకు అప్పటిదాకా తెలియదు. వాళ్ళు బాగా గమనిస్తారు.

మధ్యాహ్నం కొండ ఎక్కుతాను. నేను! మన మేడమెట్లు ఎక్కి రొప్పే మనిషిని, మంచు కరిగే చోటు దాకా వెళ్ళి, ఆ నీళ్ళతో మొహం కడుక్కుని వస్తున్నాను. తాళ్ళ వంతెన మీద ఇప్పుడు ఆగడం లేదు. సాయంత్రాలు డప్పుల ప్రదర్శనలో చివరి వరసలో నిలబడుతున్నాను. ఒకాయనకి కాలు బెణికింది, మనిషి తక్కువయ్యాడు. జంతువును ఆడించడం నిషేధమని గార్డు అడ్డుపడ్డాడు. రేంజరు, "ఆడించడం లేదయ్యా, అదే ఆడుతోంది" అని సర్దిచెప్పాడు.

ఇంటికి రావడానికి ఒక దారి ఉందట. జాబితా రాసినవాళ్ళే "పొరపాటున ఒక పేరు వదిలేశాను" అని సంతకం పెట్టి పంపాలి. అప్పుడు నన్ను రెండో రిజిస్టరులోంచి తీసి మొదటి దాంట్లో రాస్తారు. ఫారం జత చేస్తున్నాను.

కానీ నేను రేంజరుతో ముందే చెప్పేశాను, మా ఆవిడ లెక్క తప్పదు సార్ అని. కాబట్టి నువ్వు ఇబ్బంది పడకు. గాలికి పోయిన కాగితం కోసం ఇంకో వారం వెతుకుతామన్నారు.

అక్కయ్యతో చెప్పు, నేను ఏదీ వదిలేయలేదు. నన్నే వదిలేశారు.

మీ ఆయన


జూన్ 8

శ్రీవారికి,

ఫారం నింపి పంపుతున్నాను. రెండు ప్రతులు. ఒకటి మీరు చదవడానికి. అది చదివే ముందు ఈ ఉత్తరం చదవండి.

రెండో కాగితం లేదు. గార్డును చెట్లు దిగమనండి.

గేటు ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా మీరు బస్సులో లేచి నిలబడి ఏమన్నారో గుర్తు తెచ్చుకోండి. "మా ఆవిడ చుట్టాలు వెళ్ళగానే చెంచాలు లెక్కపెడుతుంది. ఓసారి ఒకటి ఎక్కువొచ్చింది, మూడు రోజులు నిద్రపోలేదు" అన్నారు. బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు, మలుపులో ఉండి కూడా. టీచరమ్మ నవ్వి నవ్వి, "ఎక్కువైతే నష్టమేముంది వదినగారూ?" అంది. నష్టం గురించి కాదు. ఆ చెంచా ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నిజమే, నేను నిద్రపోలేదు. అయినా బస్సులో చెప్పాల్సిన సంగతా అది?

మన ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మనం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. నాకు మీ మీద కోపం వచ్చిన రోజు మీ గ్లాసు బియ్యం పొయ్యను. మీరు వచ్చి గిన్నె మూత తీసి చూస్తారు. మళ్ళీ మూత పెడతారు. ఏమీ అనకుండా ఒక అరటిపండు తిని పేపరు తీసుకుంటారు. మర్నాడు నేను మీ గ్లాసు పోస్తాను. అక్కడితో అయిపోతుంది. ఎవరూ క్షమించమని అడగనక్కర్లేదు. ముప్పై ఏళ్ళలో పదిహేడు సార్లు జరిగింది. ఇంత సుఖమైన పద్ధతి ఇంకో ఇంట్లో ఉండదని నేను అనుకునేదాన్ని.

ఆ రోజు పెన్ను పట్టుకుని మీ సీటు దగ్గరికి వచ్చాను. మీరు కిటికీ పక్కన ఉన్నారు, గోధుమరంగు చొక్కా, రెండో గుండీ ఊడి ఉంది. చూశాను. మీ వెనక కూర్చున్నవాళ్ళ పేరు రాశాను. సాయంత్రానికి కోపం పోతుంది కదా, అప్పటికి సరిపోతుంది అనుకున్నాను. కొండమీద గేటుకి మన పద్ధతి తెలియదని తట్టలేదు.

ఫారంలో ఇదే రాశాను. "ఇది పొరపాటు కాదు. చూసే వదిలేశాను. వదిలేసినది నేనే" అని. సంతకం పెట్టాను. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాయలేరు. ఇక వాళ్ళు మిమ్మల్ని వదలాలి.

మీ గుండీ కుట్టలేదు. చొక్కా మీ ఒంటి మీద ఉంది కాబట్టి.

నేను


జూన్ 15

ఇంటావిడకి,

నీ ఉత్తరం నేనే మొదట చదివాను. గార్డు చెయ్యి చాపాడు కానీ నా మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు.

ఫారం మాత్రం చదివాడు. చదివి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు.

"సార్, ఈ ఫారం పొరపాటు పడినవాళ్ళకి. ఆవిడ పొరపాటు కాదని రాసిచ్చింది."

"అయితే ఏమిటి?"

"పొరపాటు లేదంటే జాబితా కరెక్టేగా."

రేంజరు తల పట్టుకున్నాడు. చివరికి, "అమ్మగారిని ఒక్క మాట మార్చమనండి సార్. 'పొరపాటున' అని రాస్తే చాలు, రేపే కర్ర ఎత్తేస్తాను" అన్నాడు.

నేను వద్దన్నాను. నువ్వు నిజం రాసింది నాకు. దాన్ని గార్డు కోసం అబద్ధం చేయక్కర్లేదు.

నేను కూడా ఒకటి చెప్పాలి. ఆ రోజు నువ్వు నన్ను దాటిపోవడం నేను చూశాను. నీ పెన్ను ఆగడం, మళ్ళీ కదలడం చూశాను. "నా పేరు రాయవేమే" అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. అరటిపండు తిన్నట్టే కిటికీలోంచి బయటికి చూశాను. చెంచాల సంగతి చెప్పాక అందరూ నవ్వారు, నువ్వు నీ ఒళ్ళోని సంచి పట్టీని నాలుగు మడతలు పెట్టావు. అది కూడా చూశాను. చూసి ఏమీ అనకపోవడమే మంచితనం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాను.

ఇంకోటి. మొదటి వారం ఇక్కడ నేను సంతోషంగా ఉన్నాను. అబద్ధం రాయను. ఎన్ని విడిచిన బట్టలు, ఎన్నింటికి వచ్చాను, ఎన్ని కప్పుల టీ అని ఎవరి పుస్తకంలోనూ లేను. పక్షి ఈకలా ఉంది ఒళ్ళు. ఆ తర్వాత ఆరింటికి దుర్భిణీతో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాలుగు వందల పన్నెండు, ఉన్నాడు, అని టిక్కు పెట్టుకుని పోతారు. గొర్రెకీ అదే టిక్కు. ఒకరోజు నేను జ్వరంతో గుమ్మంలో కూర్చున్నాను. టిక్కు పెట్టి వెళ్ళిపోయారు. లెక్కలో ఉండటం వేరు, ఎవరైనా చూసుకోవడం వేరు అని అప్పుడు అనిపించింది. జ్వరం తగ్గింది, కంగారుపడకు.

ఇంకొక దారి ఉందని రేంజరు అంటున్నాడు. జంతువును వేరే తావుకి మార్చడానికి ఒక నియమం ఉందట. ముందు ఆ తావు తగినదో కాదో చూస్తారు. చూడటానికి మన ఇంటికి ఒకావిడ వస్తుంది. భయపడకు.

మీ ఆయన


జూన్ 24

శ్రీవారికి,

వచ్చింది. టేపు, లోలకం లాంటిదేదో ఒకటి, ముప్పై పేజీల ప్రశ్నలు తెచ్చింది. నేను ఇల్లు కడిగి ఉంచాను. గుమ్మంలోనే ఆగి, "ఇంత శుభ్రంగా ఉంటే జంతువు బెదురుతుంది" అని రాసుకుంది.

నీళ్ళ వసతి అడిగింది. కుళాయి చూపించాను. "ఎప్పుడు వస్తాయి?" "పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా." "జంతువు ఆ వేళకి లేస్తుందా?" "లేపాలి." అది కూడా రాసుకుంది. మీ మంచం కొలిచింది. మీ షాపు తలుపు కొలిచింది. శత్రుజాతులు ఉన్నాయా అంటే, లేవన్నాను. అమ్మాయి నవ్వుతూ అత్త వైపు చూపించింది.

"దాక్కునే చోటు ఎక్కడ?" అంది చివరికి.

"సొంత ఇంట్లో ఆయనకి దాక్కోవాల్సిన పనేముందమ్మా?" అన్నాను.

లోపలి నుంచి మీ అక్కయ్య అరిచింది. "పేపరు వెనకాల దాక్కుంటాడమ్మా! చిన్నప్పుడు బియ్యం బస్తాల వెనకాల దాక్కునేవాడు!"

ఆవిడ పెన్ను మూసింది. "ఎవరి కళ్ళూ పడని చోటు ఒకటి ఉండాలండీ. ఏ జంతువుకైనా. లేకపోతే ఎంత మేత వేసినా చిక్కిపోతుంది" అంది. ఎవరి పుస్తకంలోనూ లేనని మీరు రాసింది గుర్తొచ్చింది. మీ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది.

మరునాడు మేడమీది చిన్న గది ఖాళీ చేశాను. పాత పరుపు, విరిగిన కుక్కరు మూతలు, మీ నాన్నగారి గొడుగు తీసేశాను. ఒక కుర్చీ, ఒక బల్ల వేయించాను. తలుపుకి లోపలి గడియ పెట్టించాను, బయటి గడియ తీయించాను. మిగతా సామాను అమ్మాయి సర్దింది. ఆ గదిలో ఏమేం ఉన్నాయో నేను రాసుకోలేదు. రాసుకోను. ఆవిడ మళ్ళీ వచ్చి చూసి, ఇల్లు తగినదేనని సంతకం పెట్టింది.

షరతులు ఉన్నాయి. జూలై రెండు, గురువారం, పొద్దున పది నుంచి పదకొండు దాకా అడ్డకర్ర ఎత్తి ఉంచుతారు. ఎవరూ తోలకూడదు. చెయ్యి ఊపకూడదు, ఈల వెయ్యకూడదు, తినేది ఏదీ చూపించకూడదు. ముఖ్యంగా నేను పిలవకూడదు. జంతువు తన ఇష్టం మీద, తన కాళ్ళ మీద బయటికి రావాలి. పదకొండుకి కర్ర దించేస్తారు. అప్పటికి రాకపోతే ఉన్న చోటే దానికి ఇష్టమని తేల్చి, ఫైలు శాశ్వతంగా మూసేస్తారు.

ఈ ఉత్తరంలో కూడా రమ్మని రాయకూడదట. గార్డు చదువుతాడు. నేను రాయడం లేదు. కింద రాసేది సమాచారం మాత్రమే.

మీ షాపు తాళానికి నూనె వేశాను. మీ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. పొద్దున పేపరు వస్తోంది, మడత విప్పకుండా ఉంటోంది. నలభై రెండు ఉన్నాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న సంగతి. నా దగ్గరి చూపు ఇంకా తగ్గింది. సూదిలో దారం అమ్మాయి ఎక్కిస్తోంది.

మొదటి వారం సంతోషంగా ఉన్నానని రాశారు. నిజం రాసినందుకు మీ మీద కోపం లేదు. కానీ ఆ వాక్యం చాలాసార్లు చదివాను. ఆ తర్వాతి వారాల గురించి మీరు రాసినదాన్ని కూడా అన్నిసార్లే చదివాను. ఏది బరువో తేల్చుకోలేకపోయాను. లెక్కకి అందని సంగతి ఇంట్లో ఒకటి ఉండటం నాకు కొత్త.

గురువారం తొమ్మిదిన్నరకల్లా గేటు బయటి బెంచీ మీద ఉంటాను. పిలవను. సంతకం చేశాను, మీకు తెలుసు కదా, నేను సంతకం చేస్తే ఆ మాట మీదే ఉంటాను.

మీరు ఏం చేసినా మీ ఇష్టం మీదే చేయండి.

మీ
నేను


జూన్ 29

నీకు,

నీ ఉత్తరం గార్డు మూడుసార్లు చదివాడు. ప్రలోభం ఎక్కడుందా అని ఒక్కో లైను కింద వేలు పెట్టి వెతికాడు. పేపర్ల దగ్గర ఆగాడు. సూదీ దారం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. చివరికి, "ఏమీ లేదు సార్, అంతా సమాచారమే" అని నాకు ఇచ్చి, అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అతను వెళ్ళాక నేను చదివాను. నాకు మొదటి లైను నుంచి చివరి లైను దాకా ప్రలోభం తప్ప ఇంకేమీ కనపడలేదు.

నిబంధనల పుస్తకం అడిగి తీసుకుని నేను కూడా చదివాను. నువ్వు పిలవకూడదని ఉంది. రేంజరు పిలవకూడదని, గార్డు పిలవకూడదని, సందర్శకులు పిలవకూడదని కూడా ఉంది. జంతువు పిలవకూడదని మాత్రం ఎక్కడా లేదు. గార్డును అడిగాను. అతను చాలాసేపు పేజీలు తిప్పి, లేదని ఒప్పుకున్నాడు.

అందుకని గురువారం సరిగ్గా పదింటికి, తాళ్ళ వంతెన దాటి మలుపు తిరుగుతూనే నేను నిన్ను పిలుస్తాను. గట్టిగా పిలుస్తాను, గేటు దగ్గర ఎంతమంది ఉన్నా సరే. నువ్వు బదులు పలక్కు. పలికితే అది కూడా పిలుపే అంటాడు మా గార్డు. బెంచీ మీద నుంచి లేచి నిలబడు, చాలు.

మీ ఆయన